ఆకాశానికీ సరిహద్దులున్నాయి

కువైట్ విమానం లేవాలంటే రెండు ప్రభుత్వాలు సంతకాలు చేయాలి

అమలాపురం: కువైట్, దుబాయి, మస్కట్ పేర్లు తెలియని ఊరు కోనసీమలో లేదు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, పి.గన్నవరం, ముమ్మిడివరం ప్రాంతాల నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు, డ్రైవర్లుగా, తాపీ పనివారుగా వెళ్లిన మగవాళ్లు ఊరూరా ఉన్నారు. సెలవు మీద వచ్చి వెళ్లే వీరంతా ఎప్పుడూ రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. విమానం ఎక్కడానికి రాత్రంతా బస్సులో కూర్చుని హైదరాబాదు దాకా ఎందుకు పోవాలి? పండుగ రోజుల్లో టిక్కెట్టు ధర అంతగా ఎందుకు పెరిగిపోతుంది?

కంపెనీల దురాశ అని కొందరు, ఏజెంట్ల మాయ అని కొందరు అంటారు. అందులో నిజం ఎంత ఉన్నా అసలు ముడి వేరే చోట ఉంది. ఒక దేశం నుంచి మరో దేశానికి విమానం నడపడం కంపెనీ ఒక్కదాని ఇష్టం కాదు. డబ్బుంది, విమానముంది, ఎక్కేవాళ్లున్నారు అంటే చాలదు. ముందుగా రెండు ప్రభుత్వాలు కూర్చుని ఒప్పందం రాసుకోవాలి. వారానికి ఎన్ని సీట్లు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఏ కంపెనీ నడపాలి అనేవన్నీ ఆ కాగితం మేరకే జరుగుతాయి.

బస్సుల పేచీ లాంటిదే

ఇది మనకు బొత్తిగా కొత్త సంగతేమీ కాదు. ఆర్టీసీ బస్సుల విషయంలో చూసిందే. 2020లో కరోనా ఆంక్షలు సడలించిన తర్వాత కూడా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఆర్టీసీ బస్సులు నెలల తరబడి తిరగలేదు. బస్సులున్నాయి, డ్రైవర్లున్నారు, ప్రయాణీకులున్నారు. లేనిదల్లా ఒప్పందమే. ఆంధ్ర బస్సులు తమ రాష్ట్రంలో ఎక్కువ కిలోమీటర్లు తిరుగుతున్నాయని, ఇరువైపులా లెక్క సమానంగా ఉండాలని తెలంగాణ పట్టుపట్టింది. చివరకు ఆ ఏడాది నవంబరు 2న సంతకాలయ్యాయి. ఒక్కొక్కరికి దాదాపు 1.61 లక్షల కిలోమీటర్లు. అందుకు ఆంధ్ర బస్సులు 638, తెలంగాణ బస్సులు 826. ఆ వెంటనే బస్సులు కదిలాయి.

ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల మధ్యనే ఇంత బేరం నడిస్తే రెండు దేశాల మధ్య ఎంత నడుస్తుందో ఊహించుకోవచ్చు. అక్కడ కిలోమీటర్ల లెక్క, ఇక్కడ సీట్ల లెక్క. అంతే తేడా.

చికాగోలో కుదిరిన మాట

ఈ పద్ధతికి పునాది 1944లో పడింది. రెండో ప్రపంచ యుద్ధం చివరి దశకు చేరిన ఆ రోజుల్లో 54 దేశాల ప్రతినిధులు అమెరికాలోని చికాగో నగరంలో సమావేశమయ్యారు. అప్పటికి స్వాతంత్ర్యం రాకపోయినా భారత ప్రతినిధులు కూడా హాజరయ్యారు. డిసెంబరు 7న కుదిరిన ఒడంబడికలో మొదటి అధికరణం చెప్పేది ఒకటే: ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశంపై పూర్తి హక్కు ఉంటుంది. ఆరో అధికరణం ప్రకారం, వేళల పట్టిక పెట్టుకుని క్రమం తప్పకుండా నడిచే విమానాలు మరో దేశంలోకి రావాలంటే ఆ దేశం అనుమతి తప్పనిసరి.

అయితే ఎవరు ఎక్కడికి ఎన్ని విమానాలు నడపాలన్న విషయంలో మాత్రం అక్కడ ఏకాభిప్రాయం కుదరలేదు. విమానాలు దండిగా ఉన్న అమెరికా తలుపులు బార్లా తీయమంది. బ్రిటన్ అదుపు ఉండాలంది. దాంతో ఎవరికి వారే ఇద్దరిద్దరు కూర్చుని తేల్చుకోవలసి వచ్చింది. 1946లో ఆ రెండు దేశాలే బెర్ముడాలో రాసుకున్న ఒప్పందం తర్వాతి వాటికి నమూనా అయింది. భారతదేశం ఇలాంటి ఒప్పందాలను వందకు పైగా దేశాలతో కుదుర్చుకుంది.

గట్టు మీద నడిచే హక్కు

ఈ హక్కుల్లో మెట్లున్నాయి. మొదటిది, దిగకుండా పై నుంచి దాటిపోయే హక్కు. పక్కవాడి పొలం గట్టు మీద నడిచి మన చేనికి పోవడం లాంటిది. రెండోది, మనుషుల్ని ఎక్కించుకోకుండా, దించకుండా ఇంధనం కోసమో మరమ్మతు కోసమో దిగే హక్కు. మూడోది, మన దేశం నుంచి ప్రయాణీకులను అవతలి దేశంలో దించడం. నాలుగోది, అక్కడి వారిని మన దేశానికి తీసుకురావడం. ఐదోది, అవతలి దేశంలో మనుషుల్ని ఎక్కించుకుని ఇంకో దేశానికి పోవడం. ఇది అంత తేలిగ్గా ఎవరూ ఇవ్వరు.

ఒక దేశం లోపలే రెండు ఊళ్ల మధ్య టిక్కెట్లు అమ్ముకునే హక్కు విదేశీ కంపెనీకి సాధారణంగా దొరకదు. అందుకే దుబాయి కంపెనీ విమానం హైదరాబాదుకూ వస్తుంది, ఢిల్లీకీ వస్తుంది గాని, హైదరాబాదులో ఎక్కించుకుని ఢిల్లీలో దించదు.

గట్టు మీద నడిచే హక్కు చిన్నదనుకోరాదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన ఆకాశాన్ని భారత విమానాలకు మూసివేసింది. ఉత్తర భారతం నుంచి పడమటి దేశాలకు వెళ్లే మన విమానాలు చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. గంటలు పెరిగాయి, ఇంధనం ఖర్చు పెరిగింది.

వారానికి ఇన్ని సీట్లు

ఇప్పుడు కువైట్ సంగతి చూద్దాం. 2007లో కుదిరిన లెక్క ప్రకారం భారత కంపెనీలకు వారానికి 12,000 సీట్లు, కువైట్ కంపెనీలకూ అంతే. విమానానికి 180 సీట్లనుకుంటే, ఒక్కో వైపు కంపెనీలన్నీ కలిసి వారానికి 66 విమానాలు నడపవచ్చు. అదీ కోనసీమకో, ఆంధ్రకో కాదు, యావత్ భారతదేశానికి. కేరళ, తమిళనాడు, ముంబయి, హైదరాబాదు అన్నీ ఆ లెక్కలోనే సర్దుకోవాలి.

ఆ తర్వాత కువైట్‌లో భారతీయుల సంఖ్య పది లక్షల వరకు పెరిగింది. సీట్ల లెక్క మాత్రం 18 ఏళ్లు అలాగే ఉండిపోయింది. 2025 జూలైలో గాని కొత్త కాగితంపై సంతకాలు కాలేదు. దాంతో సీట్లు 12,000 నుంచి 18,000కు పెరిగాయి. పాత లెక్కన చూస్తే ఒక్కో వైపు వారానికి వంద విమానాలకు వీలు కలిగింది.

దుబాయిది ఇంకో కథ. ఎమిరేట్లన్నీ ఒకే దేశమైనా దుబాయితో ఒక లెక్క, అబుదాబితో ఒక లెక్క, షార్జాతో మరో లెక్క. దుబాయి సీట్లు 2014లో వారానికి 54,200 నుంచి 65,200కు పెరిగాయి. అవి చాలవని, మరో 50,000 ఇమ్మని దుబాయి 2022లో ఢిల్లీకి లేఖ రాసింది.

ఇంకా ఇవ్వాలా, వద్దా?

ఇక్కడే అసలు వాదం ఉంది. సీట్లు పెంచితే పోటీ పెరిగి టిక్కెట్టు దిగుతుందని కష్టజీవుల ఆశ. ఢిల్లీ ఆలోచన వేరు. దుబాయి విమానంలో ఎక్కే వారందరూ దుబాయిలో దిగేవారు కాదు. చాలామంది అక్కడ విమానం మారి ఐరోపాకు, అమెరికాకు వెళతారు. అడిగినన్ని సీట్లు ఇచ్చేస్తే ఆ దూర ప్రయాణాల బేరమంతా వాళ్ల కంపెనీలకే పోతుంది, మన కంపెనీలు ఎప్పటికీ ఎదగవు అని ప్రభుత్వం వాదన.

రెండు వాదాల్లోనూ పస ఉంది. కాని అమెరికా వెళ్లే చదువుకున్న యువకుడికీ, కువైట్‌లో ఇంటి పనికి వెళ్లే మలికిపురం ఇల్లాలికీ ఒకే కాటా పెట్టడం ఎంతవరకు సబబు? ఆమె వెళ్లేది కువైట్ వరకే. ఆమెకు టిక్కెట్టు ధర అంటే నెలల జీతం. బల్లకు ఇరువైపులా కూర్చునే వారిలో విమాన కంపెనీల గోడు చెప్పేవారుంటారు. ఆమె గోడు చెప్పేవారు ఉండాలంటే మనమే చెప్పుకోవాలి.

కంపెనీ ఎక్కవలసిన గడపలు

ఒప్పందం ఉన్నంత మాత్రాన ఏ కంపెనీ పడితే ఆ కంపెనీ ఎగరలేదు. ఎక్కవలసిన గడపలు చాలా ఉన్నాయి.

మొదటిది, విమానాలు నడపడానికి తగిన సంస్థేనని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే సర్టిఫికెట్టు. రెండోది, విదేశాలకు పోవడానికి అర్హత. 1953లో విమాన కంపెనీలను జాతీయం చేశాక చాలాకాలం ఈ హక్కు ప్రభుత్వ సంస్థలకే ఉండేది. 1994లో ఆ చట్టం రద్దయింది. 2004లో ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచినా, అయిదేళ్లు దేశంలో నడిపి ఉండాలి, 20 విమానాలుండాలి అన్నారు. విజయనగరం నాయకుడు అశోక్ గజపతిరాజు కేంద్ర మంత్రిగా ఉండగా 2016లో వచ్చిన విధానం ఆ అయిదేళ్ల షరతు తీసేసింది. 20 విమానాలు గాని, మొత్తం సామర్థ్యంలో 20 శాతం గాని, ఏది ఎక్కువైతే అంత దేశంలో తిప్పితే చాలునంది.

మూడోది, సీట్ల పంపకం. మన వాటాకు వచ్చిన సీట్లలో ఏ కంపెనీకి ఎన్నో కేంద్ర పౌర విమానయాన శాఖ తేలుస్తుంది. ఈ హక్కు ప్రభుత్వానిదే గాని కంపెనీ సొంత ఆస్తి కాదు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ మూతపడ్డాక దాని విదేశీ హక్కులను ఇతర కంపెనీలకు పంచారు.

నాలుగోది, ఫలానా కంపెనీ మాదేనని మన ప్రభుత్వం అవతలి ప్రభుత్వానికి రాసి పంపడం. కంపెనీ యాజమాన్యం, అదుపు మన దేశస్తుల చేతిలోనే ఉండాలని ఒప్పందాలు సాధారణంగా అడుగుతాయి. తర్వాత అవతలి దేశం భద్రత, బీమా వగైరా చూసుకుని అనుమతి ఇస్తుంది. ఆఖరున రెండు విమానాశ్రయాల్లోనూ దిగడానికి వేళ దొరకాలి. వేళల పట్టిక ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి ఆఖరి ఆదివారం ఒకటి, అక్టోబరు ఆఖరి ఆదివారం ఒకటి.

గన్నవరం సంగతి

గన్నవరం అంటే మన పి.గన్నవరం కాదు, విజయవాడ పక్కది. ఆ విమానాశ్రయానికి 2017లో కేంద్ర మంత్రివర్గం అంతర్జాతీయ హోదా ఇచ్చింది. హోదా వస్తే కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్ వస్తాయి గాని విమానం దానంతట అది రాదు. 2018 డిసెంబరులో ఇండిగో సింగపూరుకు విమానం నడిపింది. సీట్లు నిండకపోతే ఆ నష్టం భరిస్తామని రాష్ట్ర ప్రభుత్వం హామీ ఇస్తేనే అది కదిలింది. ఆ సాయం ఆగాక 2019లో విమానమూ ఆగింది. తర్వాత 2022 అక్టోబరు 31న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ షార్జాకు సర్వీసు మొదలుపెట్టింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మన దేశపు కంపెనీ అయితే మన వాటా సీట్లతో అంతర్జాతీయ హోదా ఉన్న ఏ ఊరి నుంచైనా నడుపుకోవచ్చు. గల్ఫ్ కంపెనీలకు ఆ వీలు లేదు. ఒప్పందంలో పేరు రాసి ఉన్న ఊళ్లలోనే అవి దిగాలి. ఆ జాబితాలో పేరు ఎక్కించడం బేరంలో భాగమే.

ఆగ్నేయాసియా దేశాలకు మాత్రం పద్ధతి వేరు. ఆ దేశాల విమానాలు లెక్క లేకుండా వచ్చిపోవడానికి 18 ఊళ్లను తెరిచి ఉంచారు. అందులో విశాఖపట్నం ఉంది. సింగపూరు కంపెనీ విమానం విశాఖలో దిగడానికి కారణం అదే.

ఆకాశం మూసుకుంటే

అనుమతి విలువ ఆగిపోయినప్పుడే తెలుస్తుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక మామూలు విమానాలకు ఆ దారి మూసుకుపోయింది. మనవాళ్లు బస్సుల్లో ఇరాక్ దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరవలసి వచ్చింది. అక్కడి నుంచి ఎయిరిండియా రెండు నెలల్లో లక్షా పది వేల మందికి పైగా స్వదేశం చేర్చింది.

కరోనా వచ్చినప్పుడూ అంతే. 2020 మార్చి 23 నుంచి 2022 మార్చి 27 వరకు మామూలు విదేశీ సర్వీసులు నిలిచిపోయాయి. ఆ మధ్యకాలంలో ఒక్కో దేశంతో విడిగా తాత్కాలిక ఏర్పాట్లు చేసుకుంటేనే విమానాలు కదిలాయి.

అర్జీ ఎక్కడ పెట్టాలి

గల్ఫ్ విమానాల కోసం గన్నవరం విమానాశ్రయ అధికారులకు వినతిపత్రాలు ఇవ్వడం వల్ల ఒరిగేది తక్కువ. సీట్ల పెంపు గాని, జాబితాలో ఊరి పేరు గాని వారి చేతిలో లేవు. అవి ఢిల్లీలోని పౌర విమానయాన శాఖ పని. 2024 జూన్‌లో శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు ఆ శాఖ మంత్రి అయ్యారు. కువైట్ సీట్లు పెరిగింది ఆ తర్వాతే. ఈ శాఖకు మన గోడు చేర్చవలసింది ఎంపీ. కొత్త సర్వీసుకు మొదట్లో వచ్చే నష్టం భరించడం రాష్ట్ర ప్రభుత్వం చేయగల పని. కాబట్టి ఆ సంగతి ఎమ్మెల్యేను అడగాలి.

వట్టి కోరికతో పని జరగదు. ఏ మండలం నుంచి ఏ దేశంలో ఎంతమంది ఉన్నారు, ఏ నెలల్లో వస్తారు, ఏ నెలల్లో వెళతారు అనే లెక్క పంచాయతీల వారీగా తీసి అర్జీకి జతచేస్తే దానికి విలువ ఉంటుంది. సీటు నిండుతుందా అని కంపెనీ అడుగుతుంది. సీటు ఎవరి కోసం అని మంత్రిత్వ శాఖ అడుగుతుంది. రెండు ప్రశ్నలకూ జవాబు మన ఊళ్లలోనే ఉంది.