చిట్టెలుక చెప్పిన సాక్ష్యం

వినాయకుడి వాహనమని చేతులు జోడించే ఎలుకే మన ఇంట్లో బియ్యపు బస్తాకు కన్నం వేస్తే బోను తెచ్చి పెడతాం. పట్టుబడ్డదాన్ని వీధి చివర పారవేస్తే మన పని ముగిసినట్టే. కొందరు శాస్త్రజ్ఞుల పని మాత్రం అక్కడే మొదలవుతుంది. ఎలుక గుండె, కాలేయం, ఊపిరితిత్తి, మూత్రపిండం - ఒక్కొక్కదాని నుంచి చిన్న తునక తీసి, వివరం రాసి, గడ్డకట్టించి ఏళ్ళ తరబడి దాచిపెడతారు. ఈ దాపరికం దేనికయ్యా అని అడిగేవారికి 1993లో అమెరికాలో జరిగిన కథ ఒక్కటి చాలు.

ఆ దేశంలో యూటా, కొలరాడో, ఆరిజోనా, న్యూమెక్సికో అనే నాలుగు రాష్ట్రాల సరిహద్దులు ఒకేచోట కలుస్తాయి. నవాహో అనే ఆదివాసులు ఆ చుట్టుపట్ల తరతరాలుగా కాపురం వుంటున్నారు. 1993 మే నెలలో అక్కడ వింత జబ్బు ఒకటి బయలుదేరింది. నిన్నటిదాకా ఉక్కుముక్కల్లా వున్న పడుచువాళ్ళకు జ్వరం, ఒళ్ళునొప్పులు. ఆపైన ఊపిరితిత్తులలో నీరు చేరి, రోజుల్లో ప్రాణం పోవడం. అది హంటా జాతి వైరస్ అనీ, డీర్ మౌస్ అనే చిట్టెలుక మూత్రం, పెంటికలు, లాలాజలం ద్వారా మనుషులకు సోకుతున్నదనీ అమెరికా ప్రభుత్వ వ్యాధి నివారణ కేంద్రంవారు కొద్ది వారాల్లోనే తేల్చారు.

కారణం తెలిసినా లోకుల నోళ్ళు మూతపడలేదు. ఏదో ప్రయోగశాలలో తయారై బయటపడ్డదని కొందరన్నారు. 'నవాహో ఫ్లూ' అని పేరు పుట్టడంతో ఆ జనాన్ని చూస్తేనే జడిసి తొలగిపోయినవారు మరికొందరు. అయినవాళ్ళు పోయిన దుఃఖానికి తోడు ఈ నింద కూడా వారిమీద పడింది. ఇంతకూ ఈ వైరస్ కొత్తగా పుట్టిందా, పాతదేనా? చెప్పగల సాక్షి ఎవరు?

ఆ సాక్షి ఆల్బుకర్కీ నగరంలో, న్యూమెక్సికో విశ్వవిద్యాలయపు జీవశాస్త్ర మ్యూజియంలో, గడ్డకట్టి వున్నది. టెర్రీ యేట్స్ మొదలైనవారు అడవి ఎలుకల జాతులూ వంశాలూ తెలుసుకోవాలని ఏళ్ళ తరబడి పోగుచేసిన తునకలవి. సేకరించిననాడు ఈ వైరస్ ఊసే ఎవరికీ తెలియదు. వాటిని పైకి తీసి పరీక్షిస్తే, 1993కు ముందు పట్టిన ఎలుకలలో కూడా ఈ వైరస్ జాడ కనిపించింది. అంటే ఇది నిన్న మొన్న ఎవరో సృష్టించినది కాదు. మరి ఆ ఏడే ఎందుకు చెలరేగింది? మంచూ వానలూ బాగా కురిసి గింజలు విరగకాయడంతో ఎలుకలు ఒక్క ఏడాదిలో పదింతలు పెరిగాయి. ఎలుకలు పెరిగిన ఏడు జబ్బు వస్తుందని నవాహో పెద్దలు అంతకుముందే ఎరుగుదురు. ఊరి పేరు గాని, జాతి పేరు గాని పెడితే మనసులు నొచ్చుకుంటాయని, చివరకు ఆ వైరస్‌కు 'సిన్ నోంబ్రే' అని పేరుపెట్టారు. స్పానిష్ భాషలో ఆ మాటకు 'పేరు లేనిది' అని అర్థం.

ఇలా దాచడం ఊరగాయ జాడీలో పెట్టినంత సులువు కాదు. ప్రాణం పోగానే కణాలలోని రసాయనాలే ఆ కణాలను అరగదీయడం మొదలుపెడతాయి. హంటా వైరస్ జన్యువులు ఆర్.ఎన్.ఏ. అనే పదార్థంతో ఏర్పడ్డవి. అది బహు సుకుమారం. ఉత్త చేతి వేళ్ళు తగిలినా చెడుతుంది. అందుచేత కోసిన తునకను ఆలస్యం లేకుండా ద్రవ నైట్రోజన్‌లో ముంచుతారు. దాని చలి సున్నాకు దిగువ 196 డిగ్రీలు! తరువాత సున్నాకు దిగువ 80 డిగ్రీల పెట్టెలోనైనా వుంచాలి. డి.ఎన్.ఏ. కొంత మొండిది; చిక్కని ఆల్కహాలులోనూ నిలుస్తుంది. ఫార్మలిన్ మాత్రం ఆకారాన్ని కాపాడుతుంది గాని జన్యువులను పాడుచేస్తుంది. కరగడం, మళ్ళీ గడ్డకట్టడం కూడా చెరుపే కాబట్టి తునకను రెండు మూడు గొట్టాలలో పంచి వేస్తారు. ఒక ఎలుకకు వాడిన కత్తెరను శుద్ధిచేయకుండా మరొకదానికి వాడితే రెండింటి జన్యువులూ కలిసి సాక్ష్యం దొంగసాక్ష్యమవుతుంది.

ప్రతిసారీ ఎలుకను చంపవలసిన పని కూడా లేదు. ప్రయోగశాలలో పెంచే ఎలుకకు చెవి అంచున 2 మిల్లీమీటర్ల ముక్క తీస్తే చాలు, దానికి ఏ జన్యువులు వచ్చాయో తెలుస్తుంది. చెవికి పడిన ఆ రంధ్రమే ఎలుకకు గుర్తుగానూ పనికివస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది చీటీ. ఏ ఊరు, ఏ తేదీ, ఏ జాతి, ఆడదా మగదా, పట్టినవారెవరు - ఇవన్నీ రాయాలి. ఆల్కహాలులో సిరా కరిగిపోతుంది కాబట్టి సీసాలో వేసే చీటీని పెన్సిలుతో రాస్తారు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఇది చదవగానే మన తాళపత్రాలు గుర్తుకువచ్చాయి. చివరి ఆకున సంవత్సరమూ, రాసినవాని పేరూ వున్న ప్రతి దొరికితే మాకు పండుగే. అవి లేని ప్రతి ఎంత అందంగా వున్నా దాని కాలం నిర్ణయించడానికి తల ప్రాణం తోకకు వస్తుంది. ఆల్బుకర్కీ తునకలమీద తేదీలే లేకపోతే '1993కు ముందు' అనే మాట ఎవరు అనగలిగేవారు?

మన హైదరాబాదులోనూ సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ విభాగంలో అడవి జంతువుల కణజాలాలను దాచే జన్యు భాండారం వున్నది. దాన్ని 2018లో ప్రారంభించారు. అక్కడి గొట్టాలను రేపు ఎవరు తెరుస్తారో, ఏ ప్రశ్న అడుగుతారో ఇప్పుడు చెప్పలేం. చీటీమీది తేదీ చెదరకుండా వుంటే వారికి జవాబు దొరుకుతుంది.