మురుగు వాసనకు మందు ఫినాయిల్ కాదు, మగ్గెడు నీళ్లు

ఎండాకాలం ముదిరే కొద్దీ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "బాత్రూం రోజూ కడుగుతున్నాం, అయినా మురుగు వాసన కొడుతోంది, ఎక్కడినుంచి వస్తోందో తెలియడం లేదు" అని. ఈసారి రెజిమెంటల్ బజార్ నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వచ్చింది. అందుకని ఇవాళ అక్కడి ఇళ్లనే దృష్టిలో పెట్టుకుని మాట్లాడుకుందాం. మీది కూకట్‌పల్లి అయినా, కరీంనగర్ అయినా విషయం మారదు.

రెజిమెంటల్ బజార్ అంటే సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు ఆనుకుని ఉన్న పాత బస్తీ. పేరులోనే పటాలం ఉంది. ఇరుకు గల్లీలు, పాత ఇళ్లు, ఒక్కో ఇంట్లో మూడు నాలుగు పోర్షన్లు. స్టేషన్ దగ్గర కాబట్టి చుట్టుపక్కల లాడ్జీలు కూడా. ఇలాంటి చోట రోజూ నీళ్లు పడని బాత్రూం ఒక్కటైనా తప్పకుండా ఉంటుంది. కిరాయికి ఎవరూ రాక తాళం పడ్డ పోర్షన్, పిల్లలు పెళ్లిళ్లై వెళ్లిపోయాక వాడకం ఆగిన మేడమీది గది, సీజన్ కాక ఖాళీగా ఉన్న లాడ్జి రూం. వాసన పుట్టేది సాధారణంగా అక్కడే. మీరు రోజూ కడిగే బాత్రూంలో కాదు.

ఎందుకో చెప్తాను.

జాలి కింద ఏముంటుంది?

బాత్రూంలో నీళ్లు పోయే జాలి కింద ఒక చిన్న గిన్నె లాంటిది ఉంటుంది. మన ప్లంబర్లు దాన్ని నహానీ ట్రాప్ అంటారు. వాష్ బేసిన్ కింద వంకర తిరిగిన పైపు, కమోడ్ లోపలి వంపు, ఇంటి బయట చాంబర్‌కు ముందుండే గల్లీ ట్రాప్, ఇవన్నీ చేసే పని ఒకటే. వాడిన నీళ్లలో కొంచెం అక్కడే ఆగిపోతుంది. ఆ ఆగిన నీళ్లే మూత. నీళ్లు కిందికి పోగలవు కానీ, మురుగు లైనులోని గాలి ఆ నీళ్లను దాటి పైకి రాలేదు. ఈ నీటి మూత లోతు మామూలుగా 50 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాలు. మీ ఇంటికీ ఊరి మురుగు కాలువకూ మధ్య ఉన్న అడ్డం అంతే. రెండంగుళాల నీళ్లు.

ఈ వంపు ఆలోచన కొత్తది కాదు. అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లండ్ గడియారాల పనివాడు లండన్‌లో 1775లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటికీ ఇంతకంటే చవకైనదీ, కరెంటూ మరమ్మతూ అడగనిదీ రాలేదు. అది అడిగేది ఒక్కటే, అప్పుడప్పుడూ కాసిన్ని నీళ్లు.

ఇప్పుడు మన ఎండలు చూడండి. మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ ఉండదు. వాడని బాత్రూంలో ఆ రెండంగుళాల నీళ్లు కొన్ని వారాల్లో ఆవిరైపోతాయి. కొన్ని పాత నహానీ ట్రాపులలో లోతు అంగుళం కూడా ఉండదు, అవి ఇంకా తొందరగా ఎండిపోతాయి. నీళ్లు ఎండిందంటే తలుపు తెరుచుకున్నట్టే. సెలవులకు ఊరెళ్లి వచ్చినవాళ్లు తాళం తీయగానే ముక్కు మూసుకునేది ఇందుకే. ఆరు నెలలు అమెరికాలో పిల్లల దగ్గర ఉండి వచ్చిన పెద్దవాళ్ల ఇళ్లలో అయితే కమోడ్ సహా అన్నీ ఎండిపోయి ఉంటాయి.

ఫినాయిల్ పోస్తే తగ్గుతోంది కదా?

అవును, తగ్గుతుంది. తగ్గించింది ఫినాయిల్ కాదు, దాంతోపాటు మీరు పోసిన బకెట్ నీళ్లు. ఆ నీళ్లు ట్రాపులో నిలిచి మూత పడింది. మీరేమో ఫినాయిల్ పనిచేసిందనుకుంటారు. నెల తర్వాత మళ్లీ వాసన వస్తే ఇంకాస్త ఘాటైనది తెస్తారు. అదీ సరిపోకపోతే యాసిడ్. ఇక్కడే అసలు ప్రమాదం. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న బాత్రూంలో తలుపు వేసుకుని ఆ పని చేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఈ రెండూ ఎప్పుడూ కలపకండి. ఒకటి పోసిన వెంటనే రెండోది కూడా వద్దు.

కలరా ఉండలు కూడా అంతే. అవి వాసనను కప్పుతాయి కానీ ఆపవు. పైగా ఆ నాఫ్తలీన్ ఆవిరి పిల్లలకు మంచిది కాదు. ఇంకొందరు టైల్స్ పగలగొట్టించి కొత్త పైపులు వేయిస్తారు. వేలు ఖర్చు పెట్టే ముందు మగ్గు నీళ్లు పోసి చూడండి. నేను చెప్పే మాట ఇంతే.

వాసనేగా, ఓర్చుకుంటే పోలా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మన సికింద్రాబాద్ కంటే తగిన చోటు లేదు. చెడు గాలి వల్లే జ్వరాలు వస్తాయని ఒకప్పుడు ప్రపంచమంతా నమ్మింది. మలేరియా అనే మాటకు ఇటాలియన్‌లో అర్థమే చెడు గాలి. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ ఇక్కడే, బేగంపేటలో ఇప్పుడు ఆయన పేరుతో ఉన్న ఆ భవనంలో, దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. జ్వరం గాలి వల్ల కాదు, దోమ వల్ల అని తేలడానికి దారి పడింది. కాబట్టి వాసన రాగానే జబ్బు వచ్చేసినట్టు భయపడనక్కర్లేదు.

కానీ కథ అక్కడితో అయిపోలేదండీ. 2003లో సార్స్ వచ్చినప్పుడు హాంకాంగ్‌లో అమోయ్ గార్డెన్స్ అనే అపార్టుమెంట్ల సముదాయంలో 300 మందికి పైగా ఆ జబ్బు సోకింది, 42 మంది చనిపోయారు. అక్కడి ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ వెతికితే అనుమానం బాత్రూం నేల మీది జాలీల దగ్గరికి చేరింది. నేలను తుడుచుకుంటున్నారు తప్ప నీళ్లు పోసి కడగడం లేదు, అందుకని ట్రాపులు ఎండిపోయాయి. తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే, అది మురుగు పైపులోని తుంపరలను గదిలోకి లాగింది. ఒక రోగి వాడిన పైపు నుంచి మిగతా ఫ్లాట్లకు వైరస్ చేరింది. అలాంటిది రోజూ జరగదు. కానీ ఎండిన ట్రాపు అంటే వాసనకు మాత్రమే దారి కాదని అది చూపించింది. ప్రతి జాలీలో వారానికోసారి అర లీటరు నీళ్లు పోయండి అని అక్కడి ఆరోగ్య శాఖ ఇప్పటికీ చెబుతుంది. మన ఇళ్లలోనూ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఉన్నాయి కదా, గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి. ఆ కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఇంట్లో వచ్చే మోతాదుకు తలనొప్పి, కళ్ల మంట, కడుపులో తిప్పడం ఉండొచ్చు. ముక్కు కాసేపట్లో అలవాటు పడిపోతుంది. అందుకే ఇంటివాళ్లకు తెలియదు, వచ్చిన చుట్టాలు మొహం చిట్లిస్తారు. వాళ్లు చెప్తే కోపం తెచ్చుకోకండి.

ఏ ట్రాపో ఎలా పట్టుకోవాలి?

మొదట జాలి తీసి టార్చ్ వేయండి. నీళ్లు మెరిస్తే మూత ఉన్నట్టు. మెరవకపోతే దొరికినట్టే. అన్నీ చూడాలి. మేడమీది బాత్రూం, బట్టలుతికే చోటు, బాల్కనీ, పెరట్లో ఎప్పుడో నల్లా తీసేసిన మూల. పాత ఇంటిని పోర్షన్లుగా చేసినప్పుడు నల్లా మార్చేస్తారు, దాని కింది ట్రాపు మాత్రం అలాగే ఉండిపోతుంది. దాంట్లో ఇక నీళ్లు పడేదెప్పుడు?

తెలియకపోతే ఒక ప్లాస్టిక్ కవర్లో నీళ్లు నింపి ముడివేసి జాలి మీద పెట్టండి. రాత్రంతా ఉంచండి. తెల్లారి వాసన లేకపోతే అదే దొంగ. ఒక్కో రాత్రి ఒక్కో జాలి.

దొరికాక రెండు మగ్గుల నీళ్లు నెమ్మదిగా పోసి, కిటికీ తెరిచి గంట ఆగండి. వాసన పోయి, వారాల దాకా రాకపోతే అది ఎండిన ట్రాపే. పని అయిపోయింది.

రెండు రోజుల్లోనే మళ్లీ వస్తే కారణం వేరు. నాలుగు సంగతులు చూడండి.

ఒకటి, పాత ట్రాపులో జాలి కింద బోర్లించిన కప్పు ఉంటుంది. వెంట్రుకలు అడ్డం పడుతున్నాయని దాన్ని తీసి పారేస్తారు. అది లేకపోతే నీళ్లున్నా మూత పడదు. మళ్లీ పెట్టించండి.

రెండు, వాష్ బేసిన్ కింద మడతల ప్లాస్టిక్ పైపును తిన్నగా గోడలోకి దూర్చేసి ఉంటారు. వంపే లేదు, ఇక నీళ్లు ఎక్కడ నిలుస్తాయి? బాటిల్ ట్రాప్ పెట్టిస్తే సరి. ఏసీ నీళ్ల పైపునూ, వాటర్ ఫిల్టర్ పైపునూ కూడా కొన్నిచోట్ల ఇలాగే మురుగు లైనులో కలిపేస్తారు. బెడ్‌రూంలో ఏసీ దగ్గర మురుగు వాసన వస్తే కారణం ఇదే కావచ్చు.

మూడు, పైఅంతస్తులో ఫ్లష్ నొక్కినప్పుడు మీ జాలీలో గుడగుడ శబ్దం వస్తోందా? పైపులో గాలి ఆడక మీ ట్రాపులోని నీళ్లను అది లాగేస్తోంది. డాబా మీద వెంట్ పైపు ఉంటుంది, దాంట్లో పిట్ట గూడు పెట్టిందేమో, ఎవరైనా వాసనని మూత బిగించారేమో చూడండి. ఆ పైపు మూయకూడదు. దాని పనే గాలిని పైకి పంపడం.

నాలుగు, ట్రాపు పగిలి నీళ్లు కారిపోతుండవచ్చు. కింది పోర్షన్ సీలింగ్‌లో చెమ్మ కనిపిస్తే అదే. ఇప్పుడు మాత్రం ప్లంబర్‌ను పిలవాల్సిందే.

ఇవేవీ కాక గల్లీలోనే వాసనగా ఉంటే, చాంబరో మ్యాన్‌హోలో నిండి ఉంటుంది. జలమండలి నంబరు 155313కి ఫిర్యాదు చేయండి. మీరు మూత తీసి దిగకండి, ఎవరికో ఐదొందలిచ్చి దింపకండి. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దాటితే ముక్కు పనిచేయడం ఆగిపోతుంది, వాసన లేదు కదా అని దిగినవాడు తిరిగి రాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

ఊరెళ్లేముందు

వాడే ఇంట్లో అయితే అలవాటు ఒక్కటి చాలు. ఆదివారం ఆదివారం ప్రతి జాలీలో మగ్గెడు నీళ్లు. నీళ్లకు ఇబ్బందిగా ఉందా? ఏసీ కింద పట్టిన నీళ్లు పోయండి, శుభ్రంగా ఉంటాయి. బియ్యం కడిగిన నీళ్లు మాత్రం వద్దు, ట్రాపులో పులిసి వేరే వాసన తెస్తాయి.

మూడు వారాలకు మించి వెళ్తుంటే నీళ్లు నింపాక, పైన రెండు చెంచాల లిక్విడ్ పారఫిన్ వేయండి. మందుల షాపులో దొరుకుతుంది. నూనె పొర ఆవిరిని ఆపుతుంది. ఆ నీళ్లలో దోమ పిల్లలు కూడా బతకలేవు. నిలవున్న నీళ్లు దోమకు ఇల్లు కదా. వంటనూనె కొన్నాళ్లకు ముక్క వాసన వస్తుంది. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది. కమోడ్ మీద అంటుకునే ప్లాస్టిక్ షీట్ పరిచి మూత వేయండి. జాలీల మీద నీళ్ల కవర్లు పెట్టేట్టయితే ముందు గేట్ వాల్వ్ కట్టేయండి. లేకపోతే ఏ నల్లా కారినా నీళ్లు పోయే దారి ఉండదు.

తాళంచెవి పక్కింటివాళ్ల దగ్గర ఉందా? నెలకోసారి వచ్చి మగ్గు నీళ్లు పోయమనండి. పోర్షన్లు కిరాయికిచ్చే ఇంటివాళ్లు ఖాళీ పోర్షన్‌లో ఈ పని మీరే చేయాలి. ఆ పోర్షన్‌లో ఎండిన ట్రాపు వాసన పీల్చేది మెట్ల పక్కన ఉండే మిగతా కుటుంబాలు.

ఇప్పుడు వీడియో ఆపి, మీ ఇంట్లో వాడని జాలి ఏదో ఒకసారి గుర్తుచేసుకోండి. మగ్గు తీసుకుని దాని దగ్గరికి వెళ్లండి.