లా పుస్తకం మూసి మైకు పట్టాడు

మన క్యాంపుల్లో ఎవరిని కదిపినా చాలామంది చెప్పేది ఒకటే... నాన్న చదవమన్నాడు, చదివాం. నా డిప్లొమా కూడా అలాంటిదే. అమెరికాలో హోవార్డ్ కోసెల్ అనే ఆయనదీ ఇదే కథ. తండ్రి అకౌంటెంటు. కొడుకుని పెద్ద చదువు చదివించాలని ఆయన పడ్డ కష్టం చూసే లా పూర్తి చేశానని కోసెల్ తర్వాత చెప్పుకున్నాడు.

1918లో పుట్టిన కోసెల్, 1941లో న్యూయార్క్‌లో లాయరయ్యాడు. యుద్ధకాలంలో సైన్యంలో చేరి మేజర్ దాకా ఎదిగాడు. తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టాడు. పిల్లల బేస్‌బాల్ సంస్థ 'లిటిల్ లీగ్' పనులు కూడా చూసేవాడు. ఆ పరిచయంతోనే 1953లో ఏబీసీ రేడియో పిలిచింది. పిల్లలు ఆటగాళ్లను ప్రశ్నలడిగే కార్యక్రమం అది. జీతం లేదు!

లా వదిలేశాడు అనగానే మర్నాడే రాజీనామా పడేశాడనుకోకండి. ఇంట్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు. మూడేళ్లు కోర్టు పని చేసుకుంటూనే ఊరికే రేడియోలో పనిచేశాడు. 1956లో గానీ ప్రాక్టీసు మానలేదు. అప్పటికి వయసు 38.

మరి చదివిన లా వృథా పోయిందా? పోలేదు. బాక్సర్ మహమ్మద్ అలీ 1964లో పేరు మార్చుకుంటే చాలామంది విలేకర్లు పాత పేరే రాశారు. కోసెల్ కొత్త పేరుతోనే పిలిచాడు. 1967 ఏప్రిల్ 28న అలీ సైన్యంలో చేరనన్నాడు. ఆ రోజే న్యూయార్క్ బాక్సింగ్ కమిషన్ లైసెన్సు ఆపేసింది, టైటిల్ గుర్తింపూ తీసేసింది. కోర్టు అలీని దోషి అన్నది మాత్రం జూన్‌లో! విచారణ జరక్కుండానే పొట్ట కొడతారా అని కోసెల్ గట్టిగా అడిగాడు. తిట్టేవాళ్లు తిట్టారు. 1971లో సుప్రీంకోర్టు అలీ శిక్షను కొట్టేసింది.

కోసెల్ 1995లో చనిపోయాడు. వీసా అప్పు నెత్తిమీదున్న మనం రేపే పని మానేయలేం. కానీ సెలవు రోజు మనదే కదా! ఇష్టమైన పని ఆ పూట నేర్చుకుంటే తప్పేముంది? ఇంకో మాట... నాలాంటి సూపర్‌వైజర్లకు. కుర్రాడి జీతం కోయమని రాసే ముందు, వాడు చెప్పేది ఒకసారి విందాం.