మన చిత్రంపై మన అధికారం

మన ఇళ్లలోని పాత ఆల్బములను ఒకసారి తిరగవేసి చూడండి. పెళ్లినాటి ఫొటోలలో నగలతో, పూలజడతో నిండుగా కనిపించిన ఇల్లాలు ఆ తరువాతి పుటలలో క్రమంగా అంచులకు జరిగిపోతుంది. బిడ్డను ఎత్తుకున్న చేయిగానో, పంక్తిలో వడ్డిస్తున్న వీపుగానో మిగులుతుంది. ఆపైన ఆమె ముఖం పూర్తిగా కనిపించేది రేషన్ కార్డు మీద, ఆధార్ కార్డు మీద. "నన్నెందుకు, పిల్లలను తీయండి" అని పక్కకు తప్పుకొనే ఆ మాటలో వినయం కొంత ఉంటే, తన రూపం పట్ల సన్నగిలిన నమ్మకం కొంత ఉంటుంది. కాన్పులు, శస్త్రచికిత్స, పైబడిన వయస్సు, ఎవరో విసిరిన ఒక మాట, కారణం ఏదైనా కావచ్చు.

పాశ్చాత్య దేశాలలో ఇటువంటి స్థితిలో ఉన్న స్త్రీలు కొందరు ఎంచుకొంటున్న మార్గానికి 'బూద్వార్ ఫొటోగ్రఫీ' అని పేరు. బూద్వార్ అనగా 18వ శతాబ్దపు ఫ్రెంచి సంపన్న గృహాలలో స్త్రీకి ప్రత్యేకించిన ఏకాంత మందిరం. అలగడం అనే అర్థం గల క్రియ నుండి ఈ పదం పుట్టింది. కైక ప్రవేశించిన కోపగృహానికి ఇది దగ్గరి చుట్టమన్నమాట. అటువంటి ఏకాంతంలో, తనకు నచ్చిన పలుచని దుస్తులలో, తన కోసమే స్త్రీ తీయించుకొనే చిత్రాలివి. వినగానే మన పెద్దలు ముఖం చిట్లించవచ్చు. అయితే ఇక్కడ పరిశీలించవలసినది దుస్తులను కాదు, ఆ గదిలో నిర్ణయం ఎవరిదన్న విషయాన్ని.

మన ఫొటో మనకెందుకు నచ్చదు?

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. మనం నిత్యం చూసుకొనేది అద్దంలోని ప్రతిబింబాన్ని. అందులో కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. లోకం చూసేది అసలు ముఖాన్ని. అమెరికాలో 1977లో ప్రచురితమైన ఒక పరిశోధనలో స్త్రీలకు వారి ఫొటోలనే రెండు విధాలుగా ముద్రించి చూపారు. వారిలో ఎక్కువమంది అద్దంలో కనిపించే తీరున ఉన్న ప్రతిని మెచ్చుకొన్నారు. వారి స్నేహితులు మాత్రం అసలు ప్రతినే ఎక్కువగా మెచ్చుకొన్నారు. అలవాటైన రూపమే అందంగా తోస్తుందని దీని సారాంశం.

కెమెరా దూరం సంగతి మరొకటి. ముఖానికి 12 అంగుళాల దూరం నుండి తీసిన సెల్ఫీలో ముక్కు, 5 అడుగుల దూరం నుండి తీసిన చిత్రంలో కంటే సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో వైద్య పరిశోధకులు లెక్కగట్టారు. సెల్ఫీ చూసి దిగులుపడే కోడలు పిల్లకు ఈ ఒక్క మాట చెప్పినా ఎంతో మేలు.

జో స్పెన్స్ చూపిన దారి

ఛాయాచిత్రం ద్వారా మనోధైర్యాన్ని తిరిగి నిలుపుకొనవచ్చునని లోకానికి చూపినవారిలో బ్రిటన్ దేశస్థురాలు జో స్పెన్స్ (1934–1992) ముఖ్యురాలు. ఒకప్పుడు ఆమె స్టూడియో నడిపి, ఇతరులకు ముచ్చటైన ఫొటోలు తీసిన వ్యక్తి. 1982లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. ఆసుపత్రిలో ఒక యువ వైద్యుడు విద్యార్థులతో వచ్చి, ఆమెతో సరిగా మాట్లాడకుండానే, తొలగించవలసిన రొమ్ముపై గుర్తు పెట్టాడట. తన దేహం ఎవరి సొత్తు అన్న ప్రశ్న ఆమెను కలచివేసింది. శస్త్రచికిత్సకు ముందు, ఇది జో స్పెన్స్ సొత్తేనా అనే అర్థం వచ్చే మాటలను, చివర ప్రశ్నార్థకంతో సహా, రొమ్ముపై వ్రాసుకొని ఫొటో తీయించుకొన్నది. రొమ్ము మొత్తం తొలగించడానికి ఒప్పుకోక, గడ్డను మాత్రమే తీయించుకొన్నది.

ఆ తరువాత రోజీ మార్టిన్ అనే సహచరితో కలిసి 'ఫొటో థెరపీ' అనే పద్ధతిని రూపొందించింది. ఒకరు కెమెరా పడితే మరొకరు ఎదుట నిలబడేవారు, తరువాత స్థానాలు మార్చుకొనేవారు. ఏ దుస్తులు ధరించాలి, ఎలా నిలబడాలి అన్నది కెమెరా ఎదుట ఉన్నవారే నిర్ణయించేవారు.

1993 ఆగస్టు 15న న్యూయార్క్ టైమ్స్ వారి ఆదివారపు పత్రిక ముఖచిత్రంగా మటుష్కా అనే కళాకారిణి స్వయంగా తీసుకొన్న చిత్రం వెలువడింది. తెల్లని గౌను ఒకవైపు తెరచి, రొమ్ము తొలగించిన చోటి మచ్చను ఆమె దాచకుండా చూపింది. దానిని మెచ్చినవారూ ఉన్నారు, నొచ్చుకొన్నవారూ ఉన్నారు.

ఈ ఇద్దరి అనుభవాల సారం ఒక్కటే. ధైర్యాన్నిచ్చేది ఫొటోలోని అందం కాదు, ఆ ఫొటోపై గల అధికారం. భర్త ఒత్తిడితోనో, స్నేహితురాళ్ల పోటీతోనో తీయించుకొన్న చిత్రం ఎంత అందంగా ఉన్నా ఆ బలాన్ని ఇవ్వజాలదు.

జాగ్రత్తలు

అధికారం నిలవాలంటే చిత్రం చేయి దాటరాదు. తీసేది ఎవరు, ప్రతులు ఎవరి వద్ద ఉంటాయి, ఎప్పుడు చెరిపివేస్తారు అన్నవి ముందుగానే కాగితంపై వ్రాయించుకోవాలి. ఏకాంత చిత్రం తీయడానికి స్త్రీ అంగీకరించినా, పంచడానికి అంగీకరించనప్పుడు దానిని ఇతరులకు చేరవేయడం నేరమే. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారం మొదటిసారి నేరానికి ఏడాది నుండి మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. బెదిరింపులు ఎదురైతే సిగ్గుపడి డబ్బు ఇవ్వకండి. 1930 నంబరుకు ఫోన్ చేయండి.

మన సరిహద్దు గ్రామాలవారికి "ఏ రాష్ట్రపు ఠాణాకు వెళ్లాలి?" అన్న సందేహం సహజం. నేరం ఏ ప్రాంతంలో జరిగినదైనా ఏ పోలీసు ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు.

మన ఇంట్లోనే

ఇదే సూత్రాన్ని పాటించడానికి పలుచని దుస్తులు అవసరం లేదు, స్టూడియో కూడా అవసరం లేదు. ఉదయపు వెలుగు పడే కిటికీ పక్కన, తనకు ఇష్టమైన చీరలో, నమ్మకమైన అక్కచెల్లెలి చేతికి ఫోను ఇచ్చి, ఐదడుగుల దూరం నుండి తీయించుకోవచ్చు. ఏది ఉంచాలో, ఏది చెరపాలో ఆమే నిర్ణయించాలి. వెంటనే తీర్పు చెప్పుకోక, మరునాడు మళ్లీ చూసుకోవడం మంచిది. ఇంటివారు చేయవలసినది ఒక్కటే, వ్యాఖ్యానించకుండా ఉండటం.

అయితే ఫొటో మందు కాదు. నిద్ర, ఆకలి తగ్గి రెండు వారాలకు మించి దిగులు వీడకపోతే వైద్యుని చూడాలి. టెలి మానస్ వారి 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈసారి ఇంట్లో ఫొటో తీసేటప్పుడు పక్కకు తప్పుకొంటున్న తల్లిని "అమ్మా, నీకు ఎలా తీస్తే ఇష్టం?" అని అడిగి చూడండి. ఆమె జవాబు చెప్పేవరకు ఆగండి.