గొడ్ల డాక్టరు చదువు

“గొడ్ల డాక్టరు సీటు వచ్చింది సార్. చేరమంటారా, మానమంటారా?” అని నా దగ్గర ఇంటర్ చదివిన కుర్రవాడొకడు మొన్న వచ్చి అడిగాడు. మనుషుల డాక్టరు సీటు తప్పిపోయిందని వాడి దిగులు. నాకు మాత్రం బయ్యారంలో మా తాతయ్య ఎద్దు జ్ఞాపకం వచ్చింది.

బయ్యారమంటే చరిత్ర తెలిసినవారికి కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిన చెరువూ, ఆమె వేయించిన శాసనమూ స్ఫురిస్తాయి. తాతయ్య పొలం ఆ చెరువు కిందే. నా చిన్నతనంలో ఒక వానాకాలం, సరిగ్గా నాట్ల వేళకు, జతలో ఒకదానికి గొంతు వాచి గురక మొదలైంది. ఒకరు కర్రు కాల్చి వాత పెట్టారు. ఇంకొకరు ఆకుపసరు పోశారు. పశువుల దవాఖాన నుంచి మనిషి వచ్చేసరికే అది కాళ్లు చాచేసింది. “వానలకు ముందే టీకా వేయించవలసింది” అన్నాడాయన. ఆ యేడు తాతయ్య పొలం పాలుకిచ్చాడు. మిగిలిన ఎద్దును అమ్మిననాడు గడప దాటి బయటికి రాలేదు.

మన పెద్దలకు పశువైద్యం తెలియదనుకోకండి. గుర్రాలకు శాలిహోత్రుడు, ఏనుగులకు పాలకాప్యుడు శాస్త్రాలు చెప్పారు. తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసము’ రచించాడు. రాజుగారి లాయానికి పద్యకావ్యమే ఉన్నది! రైతు కొట్టంలోని ఎద్దుకు అంతటి గ్రంథం, తెలుగు పాఠాలు చెప్పుకునే నాకైతే, ఇంతవరకు కంటబడలేదు.

బడుల కథా ఇంచుమించు ఇంతే. ప్రపంచంలో మొదటి పశువైద్య పాఠశాలకు 1761 లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో అనుమతి లభించింది. స్థాపకుడు బూర్జెలా గుర్రపుస్వారీ నేర్పే గురువు. అయితే అక్కడి ప్రభుత్వం కదిలింది మందలను తుడిచిపెడుతున్న ముసర వ్యాధికి భయపడి. మన దేశంలో 1862 లో పూనాలో పెట్టిన బడి మాత్రం సైన్యం కోసం. తరువాత లాహోరులో 1882 లో, బొంబాయిలో 1886 లో, కలకత్తాలో 1893 లో, మద్రాసులో 1903 లో పాఠశాలలు వెలిశాయి. కోస్తా, సీమ పిల్లలకు చాలాకాలం మద్రాసే దిక్కు. హైదరాబాదు కళాశాల 1946 నాటిది. బాపట్లలో 1955 లో పెట్టినది రెండేళ్లకే తిరుపతి చేరింది. ఇప్పుడు మాకు వరంగల్ పక్కన మామునూరులోనే కళాశాల ఉన్నది.

ఇక ఆ ముసర సంగతి. ముక్తేశ్వర్ పరిశోధనశాలలో ఎడ్వర్డ్స్ అనే ఆయన 1920ల చివర మేకల సాయంతో టీకా తయారుచేశాడు. దాని తరువాత ఇంకా మేలైన టీకాలు వచ్చాయి. వాటిని పెట్టెల్లో మోసుకుని పశువైద్యులు ఊరూరా, మందమందకూ తిరిగారు. 2011 లో ఆ రోగం భూమిమీదే లేదని ప్రకటించారు. మశూచి తరువాత మానవుడు సమూలంగా తుడిచిన వ్యాధి ఇదొక్కటే. చేసినవారు గొడ్ల డాక్టర్లు!

కుర్రవాడు ఇదంతా ఓపికగా విన్నాడు. చివరికి, “తాతయ్యగారి ఎద్దు పేరేమిటి సార్?” అని అడిగాడు.

“రాముడు” అన్నాను.

మర్నాడే వెళ్లి ఫీజు కట్టి వచ్చాడు.