జామాకు వెనుక రంగు

గోడలకు రంగు వేయించాలనగానే మావారు "పసుపు" అన్నారు. నాకు బూడిద కలిసిన లేతాకుపచ్చ మీద మోజు. కంటి ఆపరేషనైన అత్తగారు పగలంతా ఉండేది పడమటి గదిలో. తెల్లని గోడమీద ఎండ పడితే ఆవిడ కళ్ళు మూసుకునే కూర్చునేవారు.

అట్టముక్క చూసి ఎంచిన రంగును ముందు గోడమీద రెండు మూరల మేర వేయించాను. పగలు బాగానే ఉంది. రాత్రి ట్యూబులైటు వెలిగించేసరికి, "ఆసుపత్రిలా ఉందే, అమ్మాయ్!" అన్నారు అత్తగారు. నా మనసు చివుక్కుమంది. ఆవిడే పెరట్లోంచి జామాకు తెప్పించి, వెనక్కి తిప్పి చూపించారు. దుకాణంవాడు నా రంగులో కాస్త పసుపు కలిపి సరిగ్గా ఆ ఛాయ తెచ్చాడు. మావారి మాటా నెగ్గింది!

తడిమీద కనిపించే రంగు ఆరాక ఉండదు. అందుచేత మీరూ కొంచెం వేయించి, రెండు రోజులు ఆగి, పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడండి. పైకప్పు తెల్లగా ఉంచితే వెలుతురు తగ్గదు. ఇళ్ళ రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకు 90 మించరాదని 2016లో మనదేశంలో నిబంధన చేశారు. డబ్బామీద ఆ సంగతి చూసి మరీ కొనండి.

ఇప్పుడు మధ్యాహ్నంవేళ అత్తగారు కళ్ళు తెరిచే ఉంటున్నారు. సీరియలు నాకంటే ముందు ఆవిడే చదివేస్తున్నారు!