పసుపు రాసిన బొబ్బర్లు

ఇలా వచ్చి కూర్చో తల్లీ. ఆ కాగితం నాకూ చూపించు.

పర్యావరణ జీవశాస్త్రంలో డిగ్రీ చేస్తానన్నావు. పిట్టలంటే ఇష్టమన్నావు, కొల్లేటికి తీసుకెళ్లమని చిన్నప్పటి నుంచీ నా ప్రాణం తీశావు. తీరా ఏమేం చదవాలో రాసుకునేసరికి మొహం చిన్నబుచ్చుకున్నావు. కెమిస్ట్రీ, అందులో మళ్లీ ఆర్గానిక్ కెమిస్ట్రీ, కాస్త ఫిజిక్సు, స్టాటిస్టిక్సు, మైక్రోబయాలజీ, జన్యుశాస్త్రం, వర్గీకరణ, నేలలు, నీళ్లు, ఉపగ్రహ చిత్రాలు, చట్టాలు. "ఇందులో పిట్ట ఎక్కడుంది తాతయ్యా?" అని అడిగావు పొద్దున. అన్నిట్లోనూ ఉంది. ఎక్కడెక్కడుందో చెబుతాను. ముందు మీ అమ్మమ్మనడిగి వంటింట్లోంచి బొబ్బర్ల డబ్బా పట్రా. ఒక పళ్లెం, రెండు చెంచాల పసుపు కూడా.

ఈలోగా ఒక సంగతి. ఏ డిగ్రీ వాళ్లయినా చదివే పర్యావరణం పేపరు ఒకటుంటుంది. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చెయ్యమని 1991లో సుప్రీంకోర్టు చెప్పాక యూజీసీ వాళ్లు ఆరునెలల కోర్సుగా తెచ్చిన పేపరది. మంచిదే. కానీ అది అందరికీ ఉండాల్సిన అవగాహన. నువ్వు చెయ్యబోయేది వృత్తి. చెరువు పాడైందని చెప్పడం అందరికీ వచ్చు. ఎందుకు పాడైందో, ఎంత పాడైందో, ఏం చేస్తే తేరుకుంటుందో నువ్వు చెప్పాలి. ఆ తేడా కోసమే ఇన్ని సబ్జెక్టులు.

కెమిస్ట్రీతో మొదలెడదాం, నీకు దానిమీదే కదా కోపం. మన భీమవరం చుట్టుపక్కల చేపల చెరువున్న ఏ రైతునైనా అడుగు. మబ్బు పట్టి ఎండ రాని రోజైతే ఆ రాత్రి ఆయనకు నిద్రుండదు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి, నోళ్లు తెరిచి గుటకలు వేస్తాయి. చూసుకోకపోతే తెల్లారేసరికి చెరువంతా తెల్లటి పొట్టలే. పగలంతా నీళ్లలోని కంటికి కనపడని ఆకుపచ్చ నాచు ఎండలో ఆక్సిజన్ చేస్తుంది. పొద్దుగూకాక ఆ పని ఆగిపోతుంది గానీ ఊపిరి ఆగదు. చేపలు, నాచు, అడుగు బురదలోని బాక్టీరియా, అన్నీ పగటి నిల్వలోంచే వాడుకుంటాయి. అందుకని తెల్లవారే ముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. ముందురోజు మబ్బయితే నిల్వే తక్కువ. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్‌ను పట్టి ఉంచుకోలేవు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర.

దాన్ని ఎలా కొలుస్తారో చూస్తే నీకు కెమిస్ట్రీ మీద కోపం పోతుంది. 1888లో వింక్లర్ అనే హంగరీ యువకుడు కనిపెట్టిన పద్ధతి. సీసాలోకి గాలిబుడగ దూరకుండా నీళ్లు పట్టి, మాంగనీస్ సల్ఫేటు, క్షారం కలిపిన అయొడైడు వేస్తావు. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే తెల్లగా దిగుతుంది. ఆ తెలుపు చూసినప్పుడు నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది, ఎందుకంటే అందులో చేప బతకదు. ఆమ్లం వేస్తే మడ్డి కరిగి అయొడిన్ బయటికొస్తుంది. అప్పుడు థయోసల్ఫేటు బొట్టు బొట్టుగా వేస్తూ, గంజి కలిపితే వచ్చిన నీలిరంగు పూర్తిగా పోయేదాకా ఆగి, ఎంత పోశావో చూసుకోవాలి. ఆ పోసిన కొలతే చేపకున్న ఊపిరి లెక్క. మురుగు కలిసిన నీళ్లయితే అవే నీళ్లు పట్టిన ఇంకో సీసాను మందులేవీ వెయ్యకుండా చీకట్లో దాచి, కొన్ని రోజులకు దాన్ని కొలిచి, మధ్యలో సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ తినేశాయో చూస్తారు. బయటి దేశాల్లో 20 డిగ్రీల దగ్గర 5 రోజులుంచుతారు. మన వేడికి తగ్గట్టు ఇక్కడ 27 డిగ్రీల దగ్గర 3 రోజులు. ఆ తినేవాళ్లెవరో తెలియాలంటే మైక్రోబయాలజీ కావాలి. అలా ఒకదాని చెయ్యి పట్టుకుని ఇంకోటి వస్తుంది.

డబ్బా వచ్చిందా? మంచిది. ఇందులో ఎన్ని బొబ్బర్లున్నాయో అన్నీ లెక్కపెట్టకుండా చెప్పాలి. చెరువులో చేపలు, అడవిలో లేళ్లు అన్నిటినీ వరసలో నిలబెట్టి లెక్కపెట్టలేం కదా. ఒక 50 తీసి పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టు. మళ్లీ డబ్బాలో పోసి బాగా కుదుపు. తరవాత చూడకుండా గుప్పెళ్లతో 40 తియ్యి. వాటిలో పసుపువి 8 వచ్చాయనుకో, అంటే అయిదింటికొకటి. అప్పుడు డబ్బా మొత్తంలోనూ అయిదింటికొకటే పసుపుదై ఉండాలి. పసుపువి 50 అని మనకు తెలుసు కాబట్టి మొత్తం 250. ఇంతే లెక్క. చేపకు రెక్క కొస కత్తిరించినా, పిట్ట కాలికి ఉంగరం తొడిగినా దీనికోసమే. నువ్వు చేస్తూండు, నేను రాబందుల కథ చెబుతాను. ఈ కాగితంలోని సబ్జెక్టులు చాలావరకు ఆ ఒక్క కథలోనే ఉన్నాయి.

నా చిన్నతనంలో ఊరి బయట గొడ్డు చచ్చిపడితే గంటలో ఆకాశం నిండా రాబందులే. 1990ల్లో అవి మాయమవడం మొదలైంది. తెల్లనడుము రాబందులు 1992లో వెయ్యి ఉన్నచోట 2007 నాటికి ఒక్కటి మిగిలింది. ఏదో వైరస్ అనుకున్నారు చాలామంది. అలా అనుకోవడం సహజమే, అంత వేగంగా పోయేది అంటురోగమేగా. కానీ పాకిస్తాన్‌లో చచ్చిన రాబందుల్ని కోసి చూసినవాళ్లకి లోపలి అవయవాలమీద సున్నం పూసినట్టు యూరిక్ ఆమ్లం కనిపించింది. మూత్రపిండాలు చెడిపోయాయన్నమాట. ఇక్కడ జంతు శరీరధర్మశాస్త్రం అక్కరకొచ్చింది. ఎందుకు చెడ్డాయి? పశువులకు నొప్పులకి వేసే డైక్లోఫినాక్ మందు. చచ్చిన పశువు మాంసంతోపాటు అది రాబందు కడుపులోకి వెళ్లింది. 2004లో ఆ ఫలితం అచ్చయింది. ఇది ఆర్గానిక్ కెమిస్ట్రీ తెలిసినవాళ్ల పని.

అయినా ఒక అనుమానం మిగిలింది. మందు వేసిన వెంటనే చచ్చే పశువులు ఎన్నుంటాయి? అన్ని లక్షల రాబందులు పోవడానికి అవి చాలతాయా? ఆ ముడి విప్పింది స్టాటిస్టిక్సు. రాబందు నిదానంగా పెరిగే పక్షి, ఏడాదికి ఒకే గుడ్డు. ఒక కళేబరం చుట్టూ గుంపులు గుంపులుగా చేరి తింటుంది. అవన్నీ లెక్కలో వేసి చూస్తే, వంద కళేబరాల్లో ఒక్కదాని కన్నా తక్కువ వాటిలో విషమున్నా ఆ జాతి కూలిపోతుందని తేలింది. మామూలు బుద్ధికి తట్టని మాట అది. లెక్క వేస్తే గాని బయటపడలేదు. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు నిషేధించింది. బదులుగా రాబందులకు హాని చెయ్యని మెలాక్సికామ్ ఉంది. ఇక్కడ చట్టం పాఠం వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం, 1974 నీటి చట్టం, భోపాల్ దుర్ఘటన తరవాత వచ్చిన 1986 పర్యావరణ చట్టం, ఇవి బట్టీ పట్టే తారీఖులు కావమ్మా. నువ్వు తేల్చిన నిజం ఎవరి బల్లమీద పెడితే పని జరుగుతుందో చెప్పేవి.

ఎన్నొచ్చాయి? నలభైలో 12 పసుపువా? అయితే 50ని 40తో హెచ్చవేసి 12తో భాగించు. 167. ఇప్పుడు డబ్బాలోవి మొత్తం కూర్చుని లెక్కపెట్టు, పరవాలేదు, నేనాగుతాను.

241 ఉన్నాయా? చాలా తేడా వచ్చిందే. ఎందుకొచ్చిందో నువ్వే చూడు. ఆ బొబ్బర్లని వెలుతురులో పెట్టు. కుదిపినప్పుడు పసుపు పక్కవాటికి అంటింది. మనం పసుపు రాయనివి కూడా పసుపువైపోయాయి. గుర్తున్నవి ఎక్కువ కనపడితే మొత్తం తక్కువని లెక్క వస్తుంది. అడవిలో దీనికి తిరగబడ్డ తప్పు జరుగుతుంది: ఉంగరం ఊడిపోతే గుర్తున్నవి తక్కువ కనిపించి, లేని పిట్టలు ఉన్నట్టు తేలుతుంది. సూత్రం ఎవరైనా నేర్పుతారు తల్లీ. సూత్రం ఎప్పుడు అబద్ధం చెబుతుందో పట్టుకోవడమే స్టాటిస్టిక్సు. బైపీసీ పిల్లలు లెక్కలకి జడుస్తారని ఆ పేపరు తేలిగ్గా నడిపించేస్తారు చాలాచోట్ల. నువ్వు మాత్రం దాన్ని గట్టిగా పట్టుకో.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, కాగితంలో అడుగున ఒక్క లైనులో ఉంది చూడు: క్షేత్ర పర్యటన, ప్రాజెక్టు. యూజీసీ 2022లో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. పాఠమైతే 15 గంటలకొక క్రెడిట్, ప్రాక్టికల్ అయితే 30 గంటలకి. ఆ 30 గంటలు నిజంగా బురదలో గడుస్తున్నాయా లేదా అన్నదే నువ్వు కాలేజీని అడగాల్సిన ప్రశ్న. నేను పనిచేసిన ఒక కాలేజీలో పిల్లలు సీనియర్ల రికార్డు చూసి కాపీ కొట్టేవాళ్లు, మొక్కల స్పెసిమెన్లు సైతం కొనుక్కొచ్చి అతికించేవాళ్లు. నాకు అది చాలా బాధగా ఉండేది. ఆ పిల్లల్లో తెలివికి లోటు లేదు, బయటికి తీసుకెళ్లేవాళ్లే లేరు.

బయటికెళ్తే ఏం తెలుస్తుందో చూపడానికి కలివికోడి సంగతి చెబుతా. 1848లో జెర్డన్ అనే ఆంగ్ల వైద్యుడు లోకానికి చెప్పిన పిట్ట. మన కడప, నెల్లూరు వైపు పొదలడవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. 1900 తరవాత శాస్త్రజ్ఞుల కంటపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు కడప జిల్లాలో వెతుకుతుండగా, ఊరి మనిషి ఒకాయన రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. పుస్తకాలు పోయిందన్న పిట్టకి ఆ ఊళ్లవాళ్ల నోట్లో పేరుంది. ఆ పేరులోనే దాని చిరునామా కూడా ఉంది: కలివి పొదల్లో తిరిగే కోడి. పగలు కనపడదు కాబట్టి తరవాత శాస్త్రజ్ఞులు దారుల వెంట సన్నటి మట్టి పరిచి, తెల్లారి వెళ్లి అడుగుల గుర్తులు చూసేవాళ్లు. మూడు వేళ్ల అడుగు చూసి ఇది కలివికోడిదా, మరో పిట్టదా అని చెప్పగలగడం, అదీ వర్గీకరణ. ఆ పొదలడవుల్లోంచి తవ్వబోయిన తెలుగుగంగ కాలువ దారి మళ్లించారంటే ఆ అడుగుల పుణ్యమే.

అందుకని ఊళ్లో పెద్దవాళ్లు ఏ మొక్కను ఏమంటారో, ఏ కొంగను ఏమంటారో అడిగి రాసుకో. నత్తగుల్ల కొంగ అన్నాడంటే దాని తిండేమిటో ఆయన నీకు చెప్పేసినట్టే. దాని పక్కనే శాస్త్రీయ నామం రాయి. రెండూ కావాలి.

ఆ పసుపు బొబ్బర్లు మీ అమ్మమ్మకిచ్చెయ్, రాత్రి నానబోస్తుంది. నిన్ను రేపు నాలుగున్నరకి లేపుతాను. పెదకాలవ పక్క చెరువు రైతుతో మాట్లాడి ఉంచాను, సూర్యోదయానికి ముందు ఆయన గట్టుమీద ఉంటాడు. ఒక సీసా నీళ్లు అప్పుడు పడదాం, ఇంకొకటి మధ్యాహ్నం మూడింటికి. టార్చి, థర్మామీటరు, నోటుబుక్కు పెట్టుకో. రాసుకోవడానికి పెన్సిలు తెచ్చుకో, పెన్నయితే మంచుకి కాగితం తడిసి సిరా అలుక్కుపోతుంది.